మూత్రపిండానికి పెరటి దారి



మూత్రపిండం కడుపులో ఉంటుందని సాధారణంగా అనుకుంటారు గాని, శరీరనిర్మాణ శాస్త్రం లెక్కలో అది కడుపుకు వెనుక ఉండే అవయవం. జీర్ణాశయం, పేగులు, కాలేయం, ప్లీహం వంటివన్నీ పెరిటోనియం అనే పలుచని పొర చుట్టిన ఉదరకుహరంలో ఉండగా, మూత్రపిండాలు రెండూ ఆ పొరకు వెనుక భాగాన, వెన్నెముకకు చెరొక పక్కన, చివరి రెండు పక్కటెముకల చాటున, కొవ్వులో పొదిగి ఉంటాయి. పైన కాలేయం అడ్డుగా ఉండడంవల్ల కుడి మూత్రపిండం ఎడమదానికంటే కాస్త కిందికి జరిగి ఉంటుంది. వెనుకవైపు నడుము కండరాలు, పక్కటెముకలు. ముందువైపు కుడిపక్కన కాలేయం, చిన్నపేగు మొదటి భాగం, పెద్దపేగు మలుపు. ఎడమపక్కన ప్లీహం, క్లోమం తోక, మళ్లీ పెద్దపేగు. పైన ఊపిరితిత్తిని కప్పిన ప్లూరా అనే పొర పన్నెండవ పక్కటెముక దాకా దిగివచ్చి ఉంటుంది. ఏ వైపు నుంచి వెళ్లినా ఏదో ఒకదాన్ని దాటకుండా మూత్రపిండాన్ని అందుకోవడం సాధ్యం కాదు కాబట్టి, గత నూట యాభై ఏళ్లలో శస్త్రవైద్యులు దానికి అరడజనుకు పైగా దారులు వేశారు. వాటిలో చాలావరకు నేటికీ వాడుకలోనే ఉన్నాయి.

ఇంటి నడిమి గదిలోకి వీధి గుమ్మం గుండా వచ్చేవారు వసారా, హాలు అన్నీ దాటి రావాలి; పెరటి గుమ్మం నుంచి వచ్చేవారికి దూరం తక్కువే గాని చోటు ఇరుకు, వెలుతురు తక్కువ. కడుపు ముందుభాగం నుంచి పెరిటోనియం తెరిచి వెళ్లే పద్ధతికీ, నడుము లేదా డొక్క వైపు నుంచి ఆ పొరను ముట్టకుండా వెళ్లే పద్ధతికీ ఉన్న తేడా దాదాపు ఇదే. మూత్రపిండ శస్త్రచికిత్సలో వచ్చిన వాదాలలో చాలావాటికి మూలం ఈ రెండు గుమ్మాల మధ్య ఎంపికలోనే ఉంది.

ప్రాచీన భారతీయ వైద్యంలో సుశ్రుత సంహిత అశ్మరిని, అంటే మూత్రమార్గంలోని రాతిని, కోసి తీసే విధానాన్ని వివరించింది గాని, అది మూత్రాశయంలోని రాయికి సంబంధించినది. మూత్రపిండం జోలికి అది పోలేదు. యూరప్‌లోనూ పంతొమ్మిదవ శతాబ్దం రెండవ సగం దాకా మూత్రపిండాన్ని ముందుగా ఆలోచించుకుని తీసివేసినవారు లేరు. 1869 ఆగస్టు 2న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ ఆ పని చేశాడు. అంతకుముందు జరిగిన ఒక శస్త్రచికిత్సలో మూత్రనాళం తెగి, మూత్రం ఎడతెగక బయటికి కారుతున్న ఒక స్త్రీకి, ఆ వైపు మూత్రపిండాన్నే తీసివేస్తే బాధ తీరుతుందని అతడు తలచాడు. ఒక్క మూత్రపిండంతో ప్రాణి బతకగలదా అన్న ప్రశ్నకు కుక్కలమీద ప్రయోగాలు చేసి జవాబు రాబట్టుకున్నాకే కత్తి పట్టాడు, రోగి కోలుకుంది.

సైమన్ ఎంచుకున్నది పెరటి గుమ్మాన్నే. సూక్ష్మజీవులను చంపే ద్రావణాలతో గాయాన్ని శుభ్రం చేసే లిస్టర్ పద్ధతి 1867లోనే వెలువడింది కాబట్టి అప్పటికింకా కొత్తది. పెరిటోనియం తెరిస్తే చీముపట్టి రోగి చనిపోతాడన్న భయం శస్త్రవైద్యులందరిలోనూ ఉండేది. అందుచేత అతడు వెన్నెముక పక్కన నిలువుగా సాగే లావు కండరపు అంచు వెంబడి కోత పెట్టి, ఆ కండరాన్ని నరకకుండా పక్కకు లాగి, వెనుకనుంచి నేరుగా మూత్రపిండాన్ని చేరుకున్నాడు. కండరాలను కోయకపోవడం వల్ల గాయం త్వరగా మానడం, నొప్పి తక్కువగా ఉండడం దీని సుగుణాలు. పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాలోనే పనంతా జరగవలసి రావడం, రక్తనాళం జారితే దాన్ని పట్టుకునే వీలు లేకపోవడం దీని దోషాలు. ఆ దోషాల వల్లే తరువాతి తరాలు దీన్ని చాలాకాలం పక్కన పెట్టాయి గాని, మూత్రపిండం నుంచి మూత్రనాళం మొదలయ్యే చోట ఉండే ఇరుకును సరిచేయడానికి, ముఖ్యంగా చిన్నపిల్లలలో, ఈ వీపు కోతను మళ్లీ బయటికి తీసినవారు ఉన్నారు. వైద్యంలో పాతబడిందనుకున్నది పూర్తిగా పోవడం అరుదు.

వీపు కోత స్థానంలో ఎక్కువగా స్థిరపడినది డొక్క కోత. రోగిని ఆరోగ్యంగా ఉన్న వైపు పక్కకు తిప్పి పడుకోబెట్టి, బల్లను నడుము దగ్గర విరిచి లేపితే, పక్కటెముకకూ తుంటికీ మధ్య జాగా విశాలమై చర్మం బిగుసుకుంటుంది. పన్నెండవ పక్కటెముక కొన నుంచి బొడ్డు వైపు వాలుగా పెట్టిన కోత మూడు పొరల కండరాలను దాటి లోపలి కొవ్వును చేరుతుంది. అక్కడ పెరిటోనియాన్ని చేతివేళ్లతో ముందుకు నెట్టివేస్తే, 1895లో రుమేనియా శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు గెరోటా వర్ణించిన తిత్తి కనిపిస్తుంది, మూత్రపిండం దానిలోనే ఉంటుంది. ఈ దారిలో శ్రద్ధ వహించవలసినవి రెండున్నాయి. పక్కటెముక కింద కండర పొరల మధ్య సాగే నరం తెగినా నలిగినా ఆ డొక్కభాగపు కండరాలు సడలిపోయి, గాయం చక్కగా మానిన తరువాత కూడా అక్కడ ఉబ్బు నిలిచిపోతుంది. దాన్ని చూసి హెర్నియా అని భయపడే రోగులు కొందరున్నారు, నిజానికి చాలాసార్లు అది నరం చచ్చుబడిన కండరం మాత్రమే. రెండవది ప్లూరా. మూత్రపిండం పైకొనను అందుకోవడానికి పదకొండవ పక్కటెముక పైనుంచి గాని, పన్నెండవ ఎముకలో కొంత తీసివేసి గాని వెళ్లినప్పుడు ఆ పొర చిరిగితే గాలి ఛాతీలోకి చేరి ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. చిరిగినట్టు అప్పుడే గమనిస్తే కుట్టివేయడం తేలికే, గమనించకపోవడమే ప్రమాదం.

కాన్సర్ వైద్యం పెరిగాక వీధి గుమ్మానికి మళ్లీ ప్రాధాన్యం వచ్చింది. కణితి ఉన్న మూత్రపిండాన్ని కదిలించకముందే దాని ధమనినీ సిరనూ ముడివేసి, చుట్టూ ఉన్న కొవ్వుతో, తిత్తితో సహా ఒక్క ముద్దగా తీయాలని 1963లో కెనడా శస్త్రవైద్యుడు ఛార్లెస్ రాబ్సన్ స్థిరపరిచాడు. రక్తనాళాలు మూత్రపిండానికి ముందువైపు లోపలి అంచున, మహాధమని, మహాసిరల నుంచి వస్తాయి కాబట్టి, వాటిని మొదట పట్టుకోవాలంటే ముందునుంచి వెళ్లడమే సుఖం. పక్కటెముకల అంచు కింద కోత పెట్టి పెరిటోనియం తెరిచి, పెద్దపేగును పక్కకు మళ్లించి లోపలికి పోతారు. రోడ్డు ప్రమాదంలో మూత్రపిండం పగిలి రక్తం కారుతున్నప్పుడు కూడా ఈ దారే శరణ్యం. లోపల గడ్డకట్టిన రక్తపు ముద్దను ముందే తెరిస్తే, దాని ఒత్తిడికి ఆగిన రక్తం ఒక్కసారిగా చిమ్ముతుంది. అందుకని కడుపు నట్టనడుమ నిలువుకోత పెట్టి, పేగులను పైకెత్తి, మహాధమని మీది పొరను కోసి, మూత్రపిండ ధమనినీ సిరనూ పట్టీలతో అదుపులోకి తెచ్చుకున్న తరువాతే మూత్రపిండం చుట్టూ ఉన్న తిత్తిని విప్పుతారు. మూత్రపిండం పైభాగాన్ని ఆక్రమించిన బాగా పెద్ద కణితులకు ఛాతీనీ కడుపునూ ఒకే కోతలో తెరిచే పద్ధతి ఉంది గాని, రోగికి అది మిక్కిలి భారమైనది. నేడు దాని అవసరం తగ్గింది.

ఉన్న మూత్రపిండాన్ని చేరుకోవడం ఒక ఎత్తు, కొత్త మూత్రపిండాన్ని ఎక్కడ పెట్టాలన్నది మరొక ఎత్తు. ఈ రెండవ ప్రశ్నకు జవాబు ఇచ్చినవారు పారిస్ శస్త్రవైద్యులు. 1951లో రెనే క్యూస్ బృందం దానం వచ్చిన మూత్రపిండాన్ని పొత్తికడుపు పక్కన, తుంటి ఎముక గుంటలో, పెరిటోనియాన్ని తెరవకుండా పైకి నెట్టి అమర్చి, కాలికి పోయే పెద్ద రక్తనాళాలకు అతికింది. శరీరం ఆ మూత్రపిండాలను తిరస్కరించినందువల్ల రోగులు దక్కలేదు గాని, అమర్చిన చోటు మాత్రం ఆ రంగంలో స్థిరపడిపోయింది. బోస్టన్‌లో జోసెఫ్ మర్రే 1954 డిసెంబర్ 23న ఒకే పోలిక కవలల మధ్య చేసిన తొలి విజయవంతమైన మార్పిడికి ఆ చోటునే వాడుకున్నాడు.   మన దేశంలో మూత్రపిండ మార్పిడి 1971లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో విజయవంతమైంది. పాత మూత్రపిండాలను తీసి వాటి చోట కొత్తది పెడతారని జనసామాన్యంలో ఉన్న అభిప్రాయం సరికాదు. చీముపట్టడం వంటి ప్రత్యేక కారణం లేకపోతే పాతవి ఎక్కడివక్కడే ఉంటాయి, కొత్తది పొత్తికడుపులో, చేత్తో తాకి చూడగలిగినంత పైపైన ఉంటుంది.

ఎండలో పనిచేసి, చెమట ధారగా కారి, నీరు తక్కువ తాగే కోస్తా ప్రాంతంలో మూత్రపిండం పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది రాళ్లే. రాయి కోసం డొక్క మొత్తం కోయడం అవసరమా అన్న ప్రశ్న నుంచి పుట్టినదే సూది దారి. 1955లో అమెరికాలో విల్లార్డ్ గుడ్విన్ మూత్రం నిండి ఉబ్బిన మూత్రపిండంలోకి చర్మం మీదనుంచే సూది గుచ్చి గొట్టం పెట్టవచ్చునని చూపాడు. 1976లో స్వీడన్‌లో ఫెర్న్‌స్ట్రోమ్, జోహాన్సన్ అనే ఇద్దరు అదే రంధ్రాన్ని క్రమంగా వెడల్పు చేసి, దాని గుండా రాళ్లను బయటికి తీశారు. నేడు పీసీఎన్ఎల్ అనే పొట్టిపేరుతో పట్టణాలలో చిరపరిచితమైన పద్ధతికి మూలం అదే.

ఈ పని జరిగే తీరు నిశితంగా చూడదగ్గది. మొదట మూత్రద్వారం గుండా ఒక సన్నని గొట్టాన్ని మూత్రనాళంలోకి ఎక్కించి, ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని పంపుతారు. దానితో మూత్రపిండం లోపలి గిన్నెలు, అంటే మూత్రం తొలుత చేరే కాలిక్సులు, తెరమీద కనిపిస్తాయి. రోగిని బోర్లా పడుకోబెట్టి, వెనుకవైపుకు తిరిగి ఉన్న ఒక గిన్నెను ఎంచుకుని, దాని సరిగ్గా కొన మీదికి సూది దింపుతారు. గిన్నె కొననే ఎందుకు గుచ్చాలన్నదానికి కారణం రక్తనాళాల అమరిక. మూత్రపిండ ధమని శాఖలు కొన్ని ముందు సగానికీ కొన్ని వెనుక సగానికీ విడిపోతాయి. రెంటికీ మధ్య, కుంభాకారపు అంచుకు కాస్త వెనుకగా, పెద్ద నాళాలు తక్కువగా ఉండే ఒక పట్టీ ఉంటుంది. దాన్ని 1901లో వర్ణించిన మాక్స్ బ్రోడెల్ శస్త్రవైద్యుడు కాడు, వైద్యగ్రంథాలకు బొమ్మలు గీసే చిత్రకారుడు. వెనుక గిన్నె కొన నుంచి వెళ్లే సూది ఆ పట్టీ గుండా పోతుంది; గిన్నె మెడలో గాని, గిన్నెలన్నీ కలిసే మధ్యసంచిలో గాని నేరుగా గుచ్చితే పెద్ద నాళం చీలి రక్తం ఆగక కారవచ్చు. సూదిలోంచి తీగ పంపి, తీగ మీదుగా ఒకదానికంటే ఒకటి లావైన గొట్టాలు దూర్చి దారిని వెడల్పు చేసి, చివరికి ఒక తొడుగు నిలిపి, దానిలోంచి దుర్బిణి పంపి రాతిని పగలగొట్టి ముక్కలను ఏరతారు. ఆ తొడుగుల మందాన్ని కొలిచే లెక్క పారిస్ పనిముట్ల తయారీదారు షారియే పెట్టినది. మిల్లీమీటరులో మూడవ వంతు ఒక ఫ్రెంచి. 30 ఫ్రెంచి తొడుగు అంటే 10 మిల్లీమీటర్ల దారి అన్నమాట. ఫ్రెంచివారు యానాం విడిచి డెబ్భై ఏళ్లు దాటినా, వారి కొలత మాత్రం ఆపరేషన్ బల్ల మీద ఇంకా చెల్లుబాటవుతూనే ఉంది.

రంధ్రం చిన్నది గనుక ప్రమాదమూ చిన్నదే అనుకోవడం పొరపాటు. పక్కటెముక పైనుంచి గుచ్చితే ఇక్కడా ప్లూరా అడ్డువస్తుంది. కొందరిలో పెద్దపేగు మూత్రపిండం వెనక్కు జారి ఉంటుంది, ముందుగా సీటీ స్కాన్ చూడకపోతే సూది దానిలోకి దిగవచ్చు. లావైనవారిని, గుండెజబ్బు ఉన్నవారిని మత్తులో బోర్లా పడుకోబెట్టడం మత్తు వైద్యులకు తలనొప్పి వ్యవహారం కాబట్టి, స్పెయిన్‌కు చెందిన వాల్దివియా ఉరియా 1987లో రోగిని వెల్లకిలా ఉంచి డొక్క నుంచి గుచ్చే మార్గం ప్రచురించాడు. మొదట్లో పట్టించుకోని ఆ పద్ధతికి ఇప్పుడు ఆదరణ పెరుగుతోంది. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నెఫ్రాలజీ అండ్ యూరాలజీ వైద్యులు 2024లో పనితీరు 27 శాతానికి పడిపోయిన మూత్రపిండాల రోగికి ఈ సూది దారిలోనే 418 రాళ్లు తీసినట్టు ప్రకటించారు. ఆ లెక్క పత్రికల దృష్టిని ఆకర్షించింది గాని, శస్త్రవైద్యుడి దృష్టిలో రాళ్ల సంఖ్యకంటే, మిగిలి ఉన్న ఆ పావు వంతు కణజాలాన్ని కోతతో నష్టపరచకుండా పని ముగించడమే విశేషం.

రాళ్లు చిన్నవైతే చర్మానికి రంధ్రమే అక్కరలేదు. మూత్రద్వారం నుంచి మూత్రాశయం, మూత్రనాళం గుండా మూత్రపిండం దాకా వంగే దుర్బిణి పంపి లేజరుతో రాతిని పొడిచేస్తారు. శరీరం తానే వేసిన దారి ఇది. అయితే రెండు సెంటీమీటర్లు దాటిన రాళ్లకు సూది దారే మేలన్నది సాధారణ అభిప్రాయం.

మూత్రపిండాన్నే తీయవలసి వచ్చినప్పుడు పెద్ద కోతను తప్పించే ప్రయత్నం 1990 జూన్ 25న ఫలించింది. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రాల్ఫ్ క్లేమన్ బృందం 85 ఏళ్ల వృద్ధురాలికి, కడుపులోకి బొగ్గుపులుసు వాయువు నింపి, చిన్న రంధ్రాల గుండా కెమెరానూ పనిముట్లనూ దూర్చి మూత్రపిండాన్ని వేరుచేసి, లోపలే సంచిలో వేసి ముక్కలు చేసి బయటికి తీసింది. దాదాపు 7 గంటలు పట్టింది. ఇది వీధి గుమ్మం పద్ధతే. కోత మాత్రం మాయమైంది. పెరిటోనియం కుహరం సహజంగానే ఖాళీ స్థలం కాబట్టి వాయువు నింపగానే అది గుడారంలా లేస్తుంది. పెరటి వైపు అలాంటి ఖాళీ లేదు. అక్కడున్నదంతా కొవ్వు, పలుచని పీచు. వాయువు పంపినా అది పొరల మధ్య అక్కడక్కడా చిక్కుకుపోయి, కెమెరాకు చోటు దొరికేది కాదు. ఇంగ్లండ్‌లో జాన్ వికమ్ 1979లో ఆ వైపు నుంచి మూత్రనాళంలోని రాయి తీసినా, ఆ దారి పదేళ్లకు పైగా ముందుకు సాగలేదు.

ఆ చిక్కును విప్పినది బొంబాయి. అక్కడి బాంబే హాస్పిటల్‌లో పనిచేసిన దుర్గా గౌర్ 1992లో అమెరికా యూరాలజీ పత్రికలో ప్రచురించిన ఉపాయంలో ఖరీదైన వస్తువు ఒక్కటీ లేదు. శస్త్రవైద్యుల రబ్బరు చేతితొడుగును ఎర్రరబ్బరు గొట్టానికి దారంతో బిగించి కట్టి, దాన్ని రక్తపోటు చూసే పరికరంలోని గాలిబుడ్డికి తగిలించాడు. పన్నెండవ పక్కటెముక దిగువన చిన్న గాటు పెట్టి, వేలితో కొద్దిగా దారి చేసి, ఆ తొడుగును మూత్రపిండం వెనుకకు దూర్చి, బుడ్డిని నొక్కుతూ పోతే, లోపల ఉబ్బే బెలూను కొవ్వునూ పీచునూ పక్కకు నెట్టి, పెరిటోనియాన్ని ముందుకు తోసి, లేని గదిని సృష్టిస్తుంది. బెలూనును ఉబ్బించి కొన్ని నిమిషాలు అలాగే ఉంచితే తెగిన చిన్న నాళాల రక్తం దాని ఒత్తిడికే ఆగిపోతుంది. తరువాత దాన్ని తీసేసి, అక్కడ వాయువు నింపి కెమెరా పెడితే మూత్రపిండ ధమని ఎదురుగానే కనబడుతుంది, ఎందుకంటే వెనుకవైపు నుంచి చూసేటప్పుడు సిరకంటే ధమనే ముందు తగులుతుంది. విదేశీ సంస్థలు ఇదే పని చేసే బెలూన్లను అందంగా పెట్టెలో పెట్టి అమ్ముతున్నా, మన దేశపు శస్త్రవైద్యులలో చాలామంది నేటికీ తొడుగు వేలును కట్టుకునే వాడుతున్నారు. శస్త్రచికిత్స పరికరాల జాబితాలో గౌర్ బెలూనుకు దక్కవలసినంత పేరు దక్కలేదనే చెప్పాలి.

రెండు గుమ్మాలలో ఏది మేలన్న వాదం కెమెరాల కాలంలోనూ తీరలేదు. ముందునుంచి వెళితే చోటు విశాలం, గుర్తులు స్పష్టం. అంతకుముందు కడుపు ఆపరేషన్లు జరిగి పేగులు అతుక్కున్నవారికి మాత్రం పెరటి దారి సురక్షితం, చిందిన మూత్రమో చీమో పేగుల మధ్యకు పోదు. దాతల నుంచి మూత్రపిండం తీసేటప్పుడు ఎక్కువమంది ఎడమదాన్నే ఎంచుకోవడానికి కూడా దారితోపాటు సిర పొడవూ కారణం. ఎడమ సిర మహాధమనిని దాటి రావాలి గనుక పొడవుగా ఉండి అతకడానికి అనువవుతుంది. 1995లో బాల్టిమోర్‌లో రాట్నర్, కవూసీ దాత మూత్రపిండాన్ని తొలిసారి కెమెరా పద్ధతిలో తీశాక, దానం చేయడానికి ముందుకొచ్చేవారి భయం కొంత తగ్గింది. కొత్తగా వచ్చిన రోబో చేతులు, కణితిని మాత్రం చెక్కివేసి మిగతా మూత్రపిండాన్ని కుట్టి కాపాడే పనిలో సౌకర్యాన్నిస్తాయి, కాని అవి కొత్త దారి కాదు. పాత దారిలో కొత్త బండి.

యానాంలోని కనకాలపేట వాసి ఈ దారులలో దేనికైనా సిద్ధపడితే సాధారణంగా ముందు వెళ్లేది కాకినాడకు, అక్కడినుంచి కేసును బట్టి విశాఖపట్నానికో హైదరాబాద్‌కో. యానాంలోనే జిప్మర్ వైద్యసంస్థ వారి 90 పడకల సంప్రదింపు విభాగం 2024 ఫిబ్రవరి 25న ప్రారంభమైంది కాబట్టి, శస్త్రచికిత్స దూరంలో జరిగినా ముందు పరీక్షలకూ తరువాతి పర్యవేక్షణకూ దగ్గరి చోటు ఏర్పడే అవకాశం ఉంది. దూరంలో జరిగే శస్త్రచికిత్సకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. రాయి తీశాక మూత్రనాళంలో డీజే స్టెంటు అనే రెండు కొనలూ వంపు తిరిగిన మెత్తని గొట్టాన్ని ఉంచి, కొన్ని వారాల తరువాత తీయించుకోమని చెప్పి పంపుతారు. కొందరికి మంట, మాటిమాటికి మూత్రం వంటి ఇబ్బందులు కలిగినా, చాలామందికి క్రమంగా అది అలవాటైపోయి, ఉన్నదన్న సంగతే మరుగున పడుతుంది. నెలల తరబడి అలాగే వదిలేసిన స్టెంటు చుట్టూ మూత్రంలోని లవణాలు పేరుకుని అదే ఒక రాయిగా మారుతుంది. అప్పుడు మూత్రాశయంలోకి దుర్బిణి వేసి నిమిషాలలో లాగవలసిన గొట్టం కోసం మళ్లీ సూది దారి, ఒక్కోసారి మళ్లీ డొక్క కోత అవసరమవుతుంది. అందుకే డిశ్చార్జి కాగితంలో రోగి మొదట వెతకవలసింది ఆపరేషన్ పేరు కాదు, స్టెంటు తీయవలసిన తేదీ.